కోన మొగదల కారు: బద్వేలు ప్రాంతంలో రాత్రి నిలుపుదల

కొండల్లోకి నడిచిపోయి రాత్రి అక్కడే గడిపేవాళ్ళు తమ కారును దారి తెగిపోయే చోట వదిలి, మరునాడు తిరిగొచ్చేదాకా దానికి చేసుకునే కాపుదలే ఈ వ్యాస విషయం. కడప జిల్లా బద్వేలుకు ఒకపక్క లంకమల కొండలు, ఇంకొకపక్క వెలిగొండలు. నడుమ సగిలేరు పారే లోయ. ఆ కొండల్లో కోనలు, కోనల్లో శివాలయాలు, గుండాలు ఉన్నాయి. ఈ తావుల్లో వదిలిన కారుకు దొంగల భయం కొంతే. అది ఎవరిదో, ఎందుకు నిలిచిందో చుట్టుపక్కల ఎవరికీ తెలియకపోవడమే పెద్ద చిక్కు. మిగతా జాగ్రత్తలు దాని తరవాతే వస్తాయి.

పాత పద్ధతి

కారు రాకముందు ఎద్దులబండి ఉండేది. శివరాత్రికి కోనకు పోయే కుటుంబాలు బండిని కొండ మొగదల విప్పి, ఎద్దులను చెట్టుకు కట్టి, మేత వేసి, ఇంట్లో పెద్దాయననో నడవలేని మనిషినో కాపలా పెట్టి పోయేవి. బండి దగ్గర మనిషి ఉండాలన్నది ఎవరూ రాసిపెట్టని కట్టుబాటు. కారుకు తాళం ఉంది కాబట్టి మనిషి అక్కర్లేదనుకోవడం తరవాత వచ్చిన అలవాటు. అందులో కొంత పొరపాటు ఉంది.

బండిని ఎక్కడ వదలాలన్న చిక్కును కర్నూలు వైపు నడక భక్తులు ఇంకో రకంగా తప్పించుకున్నారు. ఆత్మకూరు దగ్గరి వెంకటాపురం నుంచి నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను, కైలాసద్వారం మీదుగా శ్రీశైలానికి అడవిదారిన నడిచేవాళ్ళు వెనక్కి నడవరు. వాళ్ళను దించిన బండి దోర్నాల ఘాటు రోడ్డున చుట్టుతిరిగి శ్రీశైలం చేరి, అక్కడ వాళ్ళకోసం కాచుకొని ఉంటుంది. అడవి అంచున బండి నిలపాల్సిన పనే లేదు. డ్రైవరు దొరికితే ఇంతకు మించిన ఏర్పాటు లేదు. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోవాలి: దోర్నాల–శ్రీశైలం రోడ్డు మీద అటవీశాఖ గేట్లను రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసి ఉంచుతారు. ఆ వేళలో చిక్కిన బండి గేటు బయటే తెల్లవారేదాకా నిలబడాలి. నిజానికి అదీ మంచి చోటే. దీపం ఉంటుంది, మనిషి ఉంటాడు.

చట్టం ఏమంటుంది

శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యం 1988లో ఏర్పడింది. విస్తీర్ణం సుమారు 464 చదరపు కిలోమీటర్లు. వెలిగొండల వైపు పెనుశిల నరసింహ అభయారణ్యం ఉంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం 27వ సెక్షను ప్రకారం అభయారణ్యంలోకి అనుమతి లేనివాళ్ళు పోకూడదు. దాని గుండా పోయే ప్రజా రహదారి మీద ప్రయాణించేవాళ్ళకు మాత్రం వెసులుబాటు ఉంది. రహదారి దిగి కారును పొదల్లోకి తోసి గుడారం వేసుకుంటే ఆ వెసులుబాటు వర్తించదు. అనుమతి ఇచ్చే పద్ధతి 28వ సెక్షనులో ఉంది. నిప్పు పెట్టడాన్ని 30వ సెక్షను, ఆయుధంతో పోవడాన్ని 31వ సెక్షను అడ్డుకుంటాయి. అభయారణ్యం కాని రిజర్వు అడవికి 1967 నాటి ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం వర్తిస్తుంది. దాని 44వ సెక్షను కింద అటవీ నేరంలో వాడిన వాహనాన్ని పట్టుకొని జప్తు చేయవచ్చు.

స్కాట్లాండులో 2003 నాటి భూసంస్కరణ చట్టం కొండల్లో గుడారం వేసుకునే హక్కునిచ్చింది. అక్కడ కూడా ఆ హక్కు మోటారు వాహనానికి లేదు. అక్కడివాళ్ళు రాసిన సలహాలు చదివి లంకమలకు బయలుదేరేవాళ్ళు ఈ తేడా మరిచిపోతారు. మన దగ్గర తొలి మెట్టు రేంజి కార్యాలయంలో అడగడమే. కారు ఎక్కడ పెట్టమంటారో కూడా అక్కడే తెలుస్తుంది.

ఎర్రచందనం నీడ

ఎర్రచందనం చెట్టు ప్రపంచంలో సహజంగా పెరిగేది ఈ తూర్పు కనుమల దక్షిణ భాగంలోనే. ఉమ్మడి కడప, చిత్తూరు, నెల్లూరు జిల్లాల కొండలే దానికి ప్రధాన స్థానం. అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపుచేసే సైటీస్ ఒప్పందం రెండో అనుబంధంలో ఈ చెట్టు 1995 నుంచి ఉంది. దుంగలు నరికే కూలీలు కొండెక్కుతారు. దుంగలు మోసుకుపోయే బండి కింద, చీకట్లో, దీపాలార్పి కాచుకొని ఉంటుంది. పెద్ద లారీలే కాదు, మామూలు కుటుంబాలు తిరిగే కార్లు కూడా, సీట్లు పీకేసి, నంబరు పలకలు మార్చి, ఈ పనికి వాడారు. 2015 ఏప్రిల్ 7న శేషాచలం అడవిలో ఇరవైమంది కాల్పుల్లో చనిపోయిన సంఘటన తరవాత ఈ వ్యవహారం దేశమంతటికీ తెలిసింది.

ఇక గస్తీ తిరిగే అటవీ సిబ్బంది కళ్ళతో చూడండి. రాత్రి పదకొండు గంటలకు అడవి అంచున, పొద మాటున, వేరే ఊరి నంబరున్న ఖాళీ కారు కనబడుతుంది. బానెట్టు ఇంకా గోరువెచ్చగా ఉంటుంది. చుట్టూ మనిషి జాడ లేదు. వాళ్ళు దాన్ని విహారానికి వచ్చినవాళ్ళ కారనుకోవడానికి కారణం ఏమీ లేదు. చక్రాల గాలి తీయవచ్చు, చుట్టూ మనుషులను కాపు పెట్టవచ్చు, తెల్లవారి ఠాణాకు తీసుకుపోవచ్చు. తప్పు వాళ్ళది కాదు.

అందుకే మైదాన నగరాల్లో చెప్పే సలహా ఇక్కడ తలకిందులవుతుంది. ఎవరి కంటా పడకుండా కారును దాచమని పట్నంలో చెబుతారు. బద్వేలు కొండల్లో దాచిన కారే అనుమానం తెచ్చిపెడుతుంది. నలుగురికీ కనబడే చోట, ఊరివైపు ముఖం పెట్టి నిలపాలి. ఇంతమందిమి ఫలానా కోనకు పోయాం, ఫలానా పొద్దుకు తిరిగొస్తాం అని తెలుగులో రాసిన కాగితాన్ని ఫోను నంబరుతో అద్దం వెనక ఉంచడం మేలు. ఇల్లు ఖాళీగా ఉందని దొంగకు చెప్పినట్టే కదా అని కొందరు అంటారు. ఆ మాటలో కొంత నిజముంది కాబట్టే ఆ కాగితం నిర్జన ప్రదేశంలో కాకుండా మనుషులున్న చోట నిలిపిన కారులో ఉండాలి.

ఎక్కడ వదలాలి

గుడి, ఆశ్రమం, చెక్‌పోస్టు, ఊరి రచ్చబండ, రోడ్డువారనున్న టీ కొట్టు, తెలిసిన రైతు కళ్ళం: మంచి చోట్లు ఈ వరసలోనే ఉంటాయి. సిద్ధవటం మండలంలోని నిత్యపూజకోనకు పోయేవాళ్ళు పంచలింగాల దగ్గర బండ్లు నిలిపి కొండదారి పడతారు. వెలిగొండల వైపు, కాశినాయన మండలంలోని జ్యోతిక్షేత్రంలో అవధూత కాశినాయన ఆశ్రమం అన్నదానానికి పేరుపొందింది. రాత్రీపగలూ మనుషులు మెలిగే చోటు అది. అభయారణ్యం నియమాలు అక్కడికీ వర్తిస్తాయనడానికి 2025 మార్చిలో అటవీశాఖ కొన్ని కట్టడాలు కూల్చడం, ఆపై గొడవ రేగి ప్రభుత్వం వెనక్కి తగ్గడం నిదర్శనం. బద్వేలుకు పడమర బ్రహ్మంగారిమఠంలో సత్రాలున్నాయి. నిజంగా గుడారంలోనే పడుకోవాలన్న కోరిక ఉంటే, జమ్మలమడుగు దగ్గరి గండికోట మేలు. పెన్నా లోయ అంచున గుడారాలు అద్దెకిస్తారు, పర్యాటక శాఖ హోటలుంది, కోటలో ఊరుంది. కారు మనుషుల మధ్యనే ఉంటుంది.

అడగకుండా నిలపకూడదు. కళ్ళంలో పెడితే యజమానిని, గుడి దగ్గర పెడితే పూజారిని, ఊళ్ళో పెడితే పెద్దమనిషిని అడగాలి. ‘ఈ రాత్రికి బండి ఇక్కడ ఇడిసిపోతాం అన్నా, రోంత చూస్తాండు’ అన్న ఒక్క మాట ఏ అలారం చేయని పని చేస్తుంది. పొద్దున తిరిగొచ్చాక చెప్పి వెళ్ళాలి. డబ్బిస్తే తీసుకోనివాళ్ళే ఎక్కువ. కొట్టువాడైతే అక్కడే టిఫిను తినడం మర్యాద.

నిలపకూడని చోట్లలో ఒకదానికి కారణం ఒక పక్షి. లంకమల కింద ముళ్ళపొదల మధ్య చదునైన ఖాళీనేల ఉంటుంది. కారు దింపడానికి ఎంతో అనువుగా కనబడుతుంది. కలివికోడి తిరిగేది సరిగ్గా అలాంటి నేల మీదనే. 1900 తరవాత కనబడక, అంతరించిందనుకున్న ఈ పక్షిని 1986 జనవరిలో రెడ్డిపల్లె దగ్గర మళ్ళీ గుర్తించారు. ఐతన్న అనే స్థానిక వేటగాడు పట్టుకున్న పక్షి వల్ల, బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్ కృషి వల్ల అది బయటపడింది. అభయారణ్యం పుట్టుకకు మూలం అదే. తెలుగుగంగ కాలువ దారిని సైతం ఈ పక్షి కోసం మార్చారు. చీకటిలో తిరిగే పక్షి కాబట్టి, హెడ్‌లైట్లు వెలిగించి పొదల్లో చోటు వెతికే కారు దానికి చేసే కీడు తక్కువ కాదు.

నీళ్ళు, నిప్పు

ఎండిన వంకలో ఇసుక మెత్తగా, చెట్ల నీడ చల్లగా ఉంటుంది. ఏడాదిలో ఎక్కువ రోజులు అక్కడ చుక్క నీరుండదు. రాయలసీమలో కార్లు మునిగేది ఇలాంటి వంకల్లోనే. వాన ఇక్కడ పడనక్కర్లేదు. పైకోనలో గంటసేపు కుండపోత పడితే చాలు, కింద వంక పొంగుతుంది. అక్టోబరు, నవంబరు నెలల్లో ఈశాన్య ఋతుపవనం, బంగాళాఖాతం వాయుగుండాలు ఈ ప్రాంతాన్ని ముంచెత్తుతాయి. 2021 నవంబరు 19న చెయ్యేటి మీది అన్నమయ్య జలాశయం కట్ట తెగి రాజంపేట దగ్గరి ఊళ్ళను ముంచింది. కరువుసీమ అన్న పేరు చూసి వరద రాదనుకునేవాళ్ళకు ఆ తేదీ ఒక్కటి చాలు. కారును వంకలో, కల్వర్టు కింద, చెరువు అలుగు పారే దారిలో పెట్టకూడదు. వంక దాటి అవతలి గట్టున కూడా పెట్టకూడదు. కారు మునగకపోయినా తిరుగుదారి మూసుకుపోతుంది.

ఫిబ్రవరి మొదలు తొలకరిదాకా భయం నిప్పుది. అప్పటికి బోదగడ్డి నిలువునా ఎండి ఉంటుంది. చాలా దూరం నడిచొచ్చిన కారు కింద పొగగొట్టం, దానికి అమర్చిన కాటలిటిక్ కన్వర్టర్ వందల డిగ్రీల వేడిమీద ఉంటాయి. మోకాలెత్తు గడ్డిలో ఆపితే గడ్డి అంటుకోవడానికి ఎక్కువసేపు పట్టదు. కారుతోపాటు కొండా పోతుంది. గుల్లరాతి నేల, దున్నిన చేను గట్టు, వంకకు ఎడంగా ఉన్న ఇసుక తిన్నె ఇందుకు సురక్షితం. మే నెలలో బయట నలభైమూడు డిగ్రీలుంటే, మూసిన కారులో గాలి అంతకంటే ఇరవై డిగ్రీలు మించి వేడెక్కుతుంది. లైటరు, సెంటు డబ్బా, పవర్ బ్యాంకు, శానిటైజరు లోపల వదలకూడదు. నీడకోసం పెద్ద చెట్టు వెతికేటప్పుడు తల పైకెత్తి ఎండుకొమ్మలున్నాయేమో, తేనెపట్టు ఉందేమో చూసుకోవాలి. కొండతేనె ఈగలు లేస్తే తలుపు తీయడం కుదరదు.

జంతువులు

అమెరికాలోని యోసెమిటీ ఉద్యానవనంలో చీకటి పడ్డాక కారులో తిండి ఉంచడం నిషేధం. ఎలుగులు తలుపులు ఊడబీకుతాయి. మన నల్లమల, వెలిగొండల్లో ఎలుగులున్నా కారు జోలికి వచ్చే అలవాటు వాటికి అంతగా లేదు. మన ఎలుగులకు చెదపుట్టలు, ఇప్పపూలు, తేనె చాలు. కారుకు అసలు శత్రువులు చిన్నవి. గుళ్ళ దగ్గరి కోతులు వైపర్లు, అద్దాల రబ్బరు, యాంటెన్నా పీకుతాయి. ఎలుకలు వెచ్చని ఇంజను గదిలో దూరి వైర్లు కొరుకుతాయి. పొద్దున స్టార్టు చేయకముందే బానెట్టు ఎత్తి చూడాలి, కింద కుక్క పడుకుందేమో వంగి చూడాలి. బయట విడిచిన బూట్లు దులపకుండా తొడగకూడదు. తేలో, కట్లపామో ఉండవచ్చు. ఏనుగుల సంగతి వేరు. 2025 ఫిబ్రవరిలో శివరాత్రికి ముందు ఓబులవారిపల్లె మండలంలోని గుండాలకోన అడవిదారిలో ఏనుగుల గుంపు దాడికి నడక భక్తులు బలయ్యారు. ఏనుగుల జాడ ఉందని ఊరివాళ్ళు చెబితే కారు గురించి ఆలోచించకుండా వెనుదిరగాలి.

తాళం, కాగితాలు, నిద్ర

కారును ఏటవాలులో పెడితే హ్యాండ్‌బ్రేకుతోపాటు గేరులో ఉంచి, చక్రానికి రాయి ఆనించాలి. ముందుభాగం బయటికి పోయే దారివైపు ఉండాలి. రెండో తాళంచెవి గుంపులో ఇంకొకరి దగ్గర ఉండాలి, కారులో మాత్రం కాదు. దొంగతనానికి బీమా అడిగేటప్పుడు కంపెనీలు రెండు తాళాలూ చూపమంటాయి. థర్డ్ పార్టీ బీమా ఒక్కటే ఉంటే పోయిన కారుకు రూపాయి రాదు. కాగితాలు డిజీలాకరులో ఉన్నా చెల్లుతాయని 2018లోనే కేంద్రం చెప్పింది. కోనలో ఫోను సిగ్నలు ఉంటుందని ఎదురుచూడకూడదు, కాబట్టి ముందే ఫోనులోకి దించుకోవాలి. సామాన్లు డిక్కీలో సర్దే పని బద్వేలులోనే ముగించాలి. కొండ కింద అందరి ముందూ సర్దితే ఏముందో చూపించినట్టే.

కారులోనే పడుకోవాలనుకునేవాళ్ళకు ఒక హెచ్చరిక. ఇంజను నడుపుతూ ఏసీ వేసుకొని, అద్దాలు మూసి నిద్రపోతే పొగలోని కార్బన్ మోనాక్సైడు లోపలికి చేరి ప్రాణం తీయగలదు. దానికి వాసన ఉండదు. ఇంజను ఆపి, అద్దాలు రెండు వేళ్ళ సందు దించి, దోమతెర కట్టుకోవాలి.

బయలుదేరే ముందు పెట్రోలు, స్టెప్నీలో గాలి, తాగునీళ్ళు బద్వేలులోనే చూసుకోండి. ఏ కోనకు పోతున్నారో, ఏ పొద్దుకు తిరిగొస్తారో ఇంట్లో ఒకరికి, కొండ కింద ఒకరికి చెప్పి పోండి. ఆపదలో 112కు ఫోను చేయాలంటే, సిగ్నలు దొరికే చోటు ఎక్కడుందో కారు నిలిపినప్పుడే అడిగి తెలుసుకోండి.