బంతిని వదిలేసిన కెమెరాలు

మొదటిసారి ఈ సినిమా పెట్టుకున్నప్పుడు ఇరవై నిమిషాలకే ఆపేశాను. బంతి ఎక్కడుందో తెలీదు. ఒక మనిషి నడుస్తుంటాడు. ఉమ్మేస్తాడు. బూటు కొసని గడ్డి మీద ఈడుస్తాడు. మళ్ళీ నడుస్తాడు. ఫుట్‌బాల్ సినిమా కదా అని కూర్చుంటే, గోల్ లేకుండా ఇదేం గోల అనిపించింది.

రెండోసారి ఒక రాత్రి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని చివరిదాకా చూశాను.

‘జిదాన్: 21వ శతాబ్దపు చిత్తరువు’. డగ్లస్ గోర్డన్, ఫిలిప్ పరెనో అనే ఇద్దరు కళాకారులు తీశారు. 2005 ఏప్రిల్ 23న మాడ్రిడ్‌లో రియల్ మాడ్రిడ్, విల్లారియల్ ఆడిన ఒక లీగ్ మ్యాచ్, 17 కెమెరాలు, అన్నీ జినెదిన్ జిదాన్ మీదే. ఆలోచన కొత్తదేం కాదు. 1970 సెప్టెంబర్ 12న హెల్ముత్ కొస్టార్డ్ అనే జర్మన్ దర్శకుడు మాంచెస్టర్‌లో 8 కెమెరాలు పెట్టి, కొవెంట్రీతో ఆడుతున్న జార్జ్ బెస్ట్‌ని ఇలాగే మ్యాచ్ మొత్తం వెంటాడాడు. జిదాన్ దగ్గరికి వచ్చేసరికి లెన్సులు చెమటచుక్క దాకా వెళ్ళాయి. అతని ఊపిరీ, బూట్ల చప్పుడూ వినిపిస్తాయి. వాటికింద ఎక్కడో మొగ్వాయ్ బ్యాండ్ సంగీతం.

టీవీ ఎప్పుడూ బంతి వెంటే పోతుంది. బంతి లేనివాడు దానికి లేనట్టే. ఆటగాడి దగ్గర బంతి ఉండేది మహా అయితే రెండు మూడు నిమిషాలు. మిగతా మ్యాచ్ అంతా ఎదురుచూపే. ఈ సినిమా ఆ ఎదురుచూపుని చూపిస్తుంది. ఎడమవైపు నుంచి ఇద్దరు ముగ్గుర్ని దాటుకుని అతను బంతిని గోల్ ముందుకి వేస్తాడు, రొనాల్డో గోల్ కొడతాడు. ఆ గోల్ కన్నా, ఆ తర్వాత ఏమీ జరగనట్టు వెనక్కి నడుస్తున్న జిదాన్ మొహమే నాకు గుర్తుంది. విరామంలో ఆ రోజు లోకంలో జరిగిన సంగతులు కొన్ని వేస్తారు. ఇరాక్‌లో బాంబు పేలిన చోట, జనంలో ఒకరి ఒంటిమీద జిదాన్ జెర్సీ.

ఇక చివర్లో ఆటగాళ్ళ మధ్య తోపులాట మొదలవుతుంది. జిదాన్ పరిగెత్తుకెళ్ళి అందులో పడతాడు. రెడ్ కార్డ్. మైదానం దాటి వెళ్ళిపోతాడు, సినిమా అయిపోతుంది.

ఇక్కడే నాకు చిక్కొచ్చి పడింది. 2006 జులై 9న బెర్లిన్‌లో ప్రపంచకప్ ఫైనల్ మాకు అర్ధరాత్రి దాటేదాకా సాగింది. జిదాన్‌కి అదే ఆఖరి మ్యాచ్. మెటరాజీ ఛాతీ మీద తలతో గుద్దినప్పుడు మా అన్నయ్య “ఇన్నేళ్ళ ఆటా బూడిదలో పోసిన పన్నీరు చేసుకున్నాడ్రా” అని టీవీ కట్టేశాడు. నేనూ అదే తీర్పు చాలా ఏళ్ళు మోశాను. 1998 ఫైనల్లో బ్రెజిల్ మీద కొట్టిన రెండు హెడర్లు, మార్సెయ్‌లో అల్జీరియా వలస కుటుంబంలో పుట్టిన ఆ పిల్లాడి మొహాన్ని ఆ రాత్రి పారిస్‌లో ఆర్క్ ద ట్రయంఫ్ మీద వెలిగించడం, అన్నీ ఆ గుద్దు కింద పడిపోయాయి.

ఇప్పుడీ రెడ్ కార్డ్ చూస్తే ‘ఇదిగో, ముందే తెలిసిపోతోంది’ అనిపిస్తుంది. కానీ సినిమా కాన్ ఉత్సవంలో పడింది 2006 మేలో. తీసినవాళ్ళకి బెర్లిన్ సంగతి తెలిసే వీలే లేదు. నేనే జులైని పట్టుకెళ్ళి ఏప్రిల్‌లో పెట్టి చూస్తున్నాను. చరిత్ర పుస్తకాల్లో ఇదే పని ఎవరైనా చేస్తే ఎంత చిరాకుపడతానో!

అందుకని వెనక్కి తిప్పి చూశాను. కోపం రాజుకుంటున్న గుర్తేదైనా ఆ మొహంలో దొరుకుతుందేమోనని. 17 కెమెరాల్లో ఎక్కడా లేదు. రెండో సగంలో ఒకచోట మాత్రం రొబెర్తో కార్లోస్ దగ్గరికొచ్చి ఏదో అంటాడు. అంతసేపూ బిగుసుకున్న మొహం ఒక్కసారి విచ్చుకుని, జిదాన్ నవ్వుతాడు. ఏం జోకు వేశాడో వినపడదు. అక్కడ నాలుగైదుసార్లు ఆపి చూశాను.