అవధానం – స్మృతి అధ్యయనం: పెనుకొండ ప్రాంతం నేపథ్యంలో ఒక పరిశీలన

తెలుగులో డిగ్రీ స్థాయి మనోవిజ్ఞాన శాస్త్రం చదివే విద్యార్థికి ‘అవధానం’ ఒక పాఠ్యాంశం. అదే కళాశాలలో తెలుగు సాహిత్యం చదివే విద్యార్థికి అది ఒక పద్యవిద్య. మాట ఒక్కటే, అర్థమూ మూలంలో ఒక్కటే: మనసును నిలపడం. అయినా ఈ రెండు పాఠాలకూ మధ్య రాకపోకలు లేవు. సోమందేపల్లి నుంచి పై చదువులకు పెనుకొండకో హిందూపురానికో వెళ్లే విద్యార్థి విషయంలో ఈ ఎడం మరింత విచిత్రంగా కనిపిస్తుంది. స్మృతి, అవధానాల పాఠంలో అతడికి జర్మనీ, ఇంగ్లండు, అమెరికా ప్రయోగశాలల పేర్లు వస్తాయి. 150కి పైగా అష్టావధానాలు చేసిన ఆశావాది ప్రకాశరావు (1944–2022) పెనుకొండ ప్రభుత్వ డిగ్రీ కళాశాలకే ప్రిన్సిపాల్‌గా పనిచేసినా, ఆ పాఠంలో ఆయన ప్రసక్తి ఉండదు.

ప్రయోగశాలల చరిత్ర తెలిసినదే. ఎబ్బింగ్‌హాస్ 1885లో అర్థంలేని అక్షర కూటాలను తానే వల్లించి, మరపు వేగాన్ని కొలిచాడు. అర్థాన్ని తొలగిస్తేనే స్వచ్ఛమైన స్మృతి దొరుకుతుందని ఆయన నమ్మకం. 1956లో జార్జ్ మిల్లర్ తక్షణ స్మృతి పరిమితిని ఏడుకు రెండు అటూ ఇటూగా గుర్తించాడు. 1958లో బ్రాడ్‌బెంట్ అవధానాన్ని ఒక వడపోతగా వర్ణించాడు. 1974లో బాడ్లీ, హిచ్ ‘వర్కింగ్ మెమరీ’ నమూనాను ప్రతిపాదించారు. ఈ వరుసలో భారతీయ చింతన కనిపించదు. నిజానికి మనసు ఒకేసారి రెండు విషయాలను గ్రహించగలదా అన్న ప్రశ్నను న్యాయ దర్శనం చాలా ముందే వేసింది. జ్ఞానాలు ఏకకాలంలో పుట్టకపోవడమే మనసు ఉనికికి గుర్తు అని న్యాయసూత్రాలు చెబుతాయి. తిప్పుతున్న కొరివి చక్రంలా కనిపించినట్లు, వేగం వల్ల వరుస జ్ఞానాలు ఏకకాలికాలుగా తోస్తాయని అందులో వివరణ.

ఈ అలాతచక్ర దృష్టాంతం అష్టావధానానికి సరిగ్గా వర్తిస్తుంది. అవధాని ‘ఎనిమిది పనులు ఒకేసారి’ చేస్తాడన్న ప్రశంస సభామర్యాదే తప్ప వర్ణన కాదు. నిషిద్ధాక్షరి, సమస్య, దత్తపది, వర్ణన మొదలైన అంశాల్లో పృచ్ఛకులు వరుసగా అడుగుతారు; అవధాని ఒక్కో ఆవృత్తిలో ఒక్కొక్కరికి ఒక్కో పాదం చెప్పి పక్కవారి వైపు తిరుగుతాడు. అంటే అది అవధాన విభజన కన్నా అవధాన సంచారం. నిజంగా ఏకకాలికమైన భారం రెండు చోట్ల పడుతుంది. ఎప్పుడు మోగుతుందో తెలియని గంట కొట్లను లెక్కపెట్టడం ఒకటి. ఏ క్షణాన్నైనా అడ్డుపడే అప్రస్తుత ప్రసంగం రెండోది. సభికులు నవ్వులాటగా తీసుకునే ఈ రెండవ అంశమే మనోవిజ్ఞాన దృష్టిలో అన్నిటికన్నా కఠినమైన పరీక్ష. 1959లో పీటర్సన్ దంపతులు మూడు హల్లులు చెప్పి, వెంటనే అంకెలను వెనక్కి లెక్కపెట్టించారు. పద్దెనిమిది సెకన్లకే ఆ హల్లులు దాదాపుగా చెదిరిపోయాయి. అవధాని మాత్రం పరాచికాలకు జవాబిస్తూనే సగం పద్యాలను సభ ముగిసేదాకా మోస్తాడు.

ఈ మోతను లెక్కలో చూడవచ్చు. పై నాలుగు అంశాల పద్యాలూ ఉత్పలమాలలే అనుకుంటే, పాదానికి 20 అక్షరాల చొప్పున పదహారు పాదాలకు 320 అక్షరాలు. మిల్లర్ చెప్పిన ఏడుకూ దీనికీ పొంతన లేదు. అయితే అవధాని అక్షరాలను దాచుకోడు. రెండో అక్షరం ప్రాస. ఒక పాదంలో తెలిస్తే ఆ హల్లు నాలుగు పాదాల్లోనూ తెలిసినట్లే. పాదం మొదటి అక్షరం పదో అక్షరాన్ని యతి ద్వారా నియమిస్తుంది. గణాలు గురులఘువుల అచ్చును ముందే గీసిపెడతాయి. దత్తపదిలో ఇచ్చిన పదాలు పాదానికొకటి చొప్పున మేకుల్లా నిలుస్తాయి. ఛందస్సు కవికి సంకెల అన్న విమర్శ పాతదే. ధారణ వేళ మాత్రం అది చేతికర్ర.

మరో అంశం ఇంతకన్నా ముఖ్యం. ధారణలో అవధాని ఒప్పజెప్పేది ఇతరుల పాఠం కాదు, తాను అల్లిన పద్యం. చదివిన మాటకన్నా తాను పుట్టించిన మాట బాగా గుర్తుంటుందని 1978లో స్లామెకా, గ్రాఫ్ ప్రయోగాలతో చూపారు. నిషిద్ధాక్షరిలో అడుగడుగునా అక్షరాన్ని నిషేధించే పృచ్ఛకుడు అవధానిని వెతికించి, వెతికించి ఆ పద్యాన్ని మనసులో నాటుతున్నాడన్నమాట. అందువల్ల ఏకసంథాగ్రాహినీ అవధానినీ ఒకే గాటన కట్టడం పొరపాటు.

ఇక్కడే వారసత్వ ప్రశ్న వస్తుంది. ధారణాశక్తిని పూర్వజన్మ సుకృతంగానో, వేదాధ్యయన కుటుంబాల సొత్తుగానో చెప్పే అలవాటు సాహిత్య చరిత్రల్లో బలంగా ఉంది. ఎరిక్సన్, చేజ్, ఫాలూన్ 1980లో ప్రచురించిన పరిశీలన దీనికి ఎదురు నిలుస్తుంది. ఏడు అంకెలు మాత్రమే గుర్తుంచుకోగల ఒక సాధారణ విద్యార్థి, రెండు వందల గంటలకు మించిన సాధనతో 79 అంకెలకు చేరాడు. అంకెల బదులు అక్షరాలు ఇస్తే మళ్లీ ఆరింటికే దిగాడు. పెరిగింది శక్తి కాదు, ఆ ఒక్క రంగంలో అమరిక. అనంతపురం జిల్లాలో దళిత కుటుంబంలో పుట్టి, అవధానిగా నిలదొక్కుకుని, 2021లో పద్మశ్రీకి ఎంపికైన ఆశావాది ప్రకాశరావు జీవితం అదే వాదానికి తెలుగు నేల మీది సాక్ష్యం. ఆయనను ‘అపురూపమైన మినహాయింపు’గా కీర్తించే వ్యాసాలు తెలియకుండానే పాత నమ్మకాన్ని కాపాడుతున్నాయి. సాధనతో వచ్చే విద్యలో మినహాయింపు అనేది అవకాశాల చరిత్రకు సంబంధించిన మాట, మెదడుకు సంబంధించినది కాదు.

పెనుకొండకు ఈ విద్యతో ఉన్న సంబంధం ఆయనతో మొదలైనది కూడా కాదు. 1565 నాటి యుద్ధం తరువాత రాజధానిని పెనుకొండకు మార్చిన తిరుమలరాయలకే రామరాజభూషణుడు వసుచరిత్రను అంకితమిచ్చాడు. నూరు గంటాలకు ఒకేసారి పద్యాలు అందించే ‘శతలేఖినీ’ నేర్పు ఆ కవికీ, చరిగొండ ధర్మన్నకూ ఉన్నట్లు సాహిత్య చరిత్రలు చెబుతాయి. ఆ బిరుదులను అక్షరాలా నమ్మనక్కరలేదు. బహుముఖావధానం ఆనాటికే గొప్ప చెప్పుకోదగిన గుణమైందన్నది మాత్రం స్పష్టం.

అసలు చిక్కు ఆధారాల దగ్గర ఉంది. తిరుపతి వేంకట కవుల ‘శతావధానసారము’ మొదలుకొని అవధాన గ్రంథాలు భద్రపరిచింది పద్యాలనే. మూడో పాదం దగ్గర అవధాని ఎంతసేపు ఆగాడు, ధారణలో ఏ మాట మారింది, గంట లెక్క ఎక్కడ తప్పింది అన్నవి అచ్చుకెక్కలేదు. సాహిత్యానికి అవి అనవసరం. స్మృతి అధ్యయనానికి అవే ప్రాణం. ఎబ్బింగ్‌హాస్ గొప్పతనం తన మరపును రాసిపెట్టడంలోనే ఉంది. ఇటీవలి అవధానాలకు దృశ్య ముద్రణలున్నాయి కనుక ఆ వివరాలను ఇప్పుడైనా లెక్కగట్టవచ్చు. డిగ్రీ ప్రయోగ తరగతిలోనూ ఒక చిన్న పరీక్షకు వీలుంది: అంతే నిడివి గల వచనాన్నీ కంద పద్యాన్నీ విద్యార్థులకు వినిపించి, మధ్యలో అప్రస్తుత ప్రసంగం నడిపి, తిరిగి చెప్పించడం. దీనికి కావలసింది ఒక స్టాప్‌వాచీ, కొన్ని కాగితాలు, పక్క విభాగం నుంచి పద్యం చదవగల ఒక తెలుగు అధ్యాపకుడు.