పాటకు పాటకు నడుమ

నందికొండ వద్ద కృష్ణపై నిర్మించిన నాగార్జునసాగరమునకు 1955 డిసెంబరు 10న జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన గావించిరి. మునుగనున్న లోయలో 1954 నుండి 1960 వరకు సాగిన త్రవ్వకములందు ఇక్ష్వాకుల కాలపు రంగస్థల మొకటి బయల్పడెను: నడుమ ఆటచోటు, చుట్టును మెట్ల వరుసలు. దానిని అనుపు వద్ద తిరిగి నిలిపిరి. కట్టడమును తరలింపవచ్చును, అచ్చట మ్రోగిన పాటను తరలించు టెట్లు? పాటలో సయితము మొదట నశించునది పాటకు పాటకు నడుమనుండు అతుకే.

నల్లగొండ సీమలో బుర్రకథ విన్నవారికి ఈ అతుకు తెలియును. కథకుడు తంబుర మీటుచు, అందెలు మ్రోగించుచు పాడును. ఇరువైపుల వంతలు గుమ్మెటలు వాయింతురు. శోకఘట్టపు నెమ్మది నడకనుండి యుద్ధఘట్టపు వడికి కథకుడు మారగనే వంతలు అందుకొనవలెను. ఒకడు పాతనడకలోనే నిలిచిపోయినచో కథ కుంటువడును. అంతట హాస్యపు వంత ఛలోక్తి విసరును. లేదా రాజకీయపు వంత ‘తరువాత ఏమైనది?’ అని అడుగును. ఆ మాటల మాటున నడక మరల కుదురును.

1940లలో సుద్దాల హనుమంతు వంటివారు గొల్లసుద్దులను, బుర్రకథలను రైతుపోరాటమునకు సాధనముగా జేసికొనిరి. నిజాం ప్రభుత్వము బుర్రకథను నిషేధించెను. అట్టి దినములలో కథ నడుమ తెగినచో, భయముతో కూడిన సభ చెదరుటకు ఎంతసేపు? నాటి పాటలు కొన్ని అచ్చుకెక్కినవి. కాని పుస్తకములో ఒక పాట ముగియును, మరియొకటి మొదలగును, నడుమనున్నది తెల్లకాగితమే.

అమెరికాలో 1965లో ఏర్పడిన గ్రేట్‌ఫుల్ డెడ్ అను బృందము, ఆపకయే ఒక పాటనుండి మరియొక పాటలోనికి సాగుటకు పేరొందినది. కచేరీలను రికార్డు చేసికొనుటకు వారు శ్రోతలను అనుమతించిరి. అందుచే కుదిరిన మలుపులతోపాటు తప్పిన మలుపులును నేటికి వినవచ్చును.

మన కథకులకు అట్టి భాగ్యము కొంతవరకు రేడియోవలన కలిగినది. 1935లో నిజాం ప్రభుత్వము చేపట్టిన హైదరాబాదు కేంద్రము 1950 ఏప్రిల్ 1న ఆలిండియా రేడియోలో చేరెను. నిలిచిన ప్రతి ధ్వనిముద్రణయందును పాటతోపాటు అతుకును నిలిచినది. శ్రోతలారా, ఊరి బుర్రకథను పట్టిన పాత టేపు మీ యింట నున్నచో, నడుమ తాళము తప్పినదని చెరిపివేయకుడు. పుస్తకము చెప్పలేని చరిత్ర ఆ తప్పినచోటనే యున్నది.