సుదూర యాత్రకు సైకిలు ఎంపిక

బట్టలు, గుడారం, వంటసామాను మోసుకుంటూ రోజుల తరబడి, ఒక్కోసారి నెలల తరబడి సాగే ప్రయాణానికి పనికొచ్చేది యాత్రా సైకిలు. షాపులో అడుగుపెట్టినవారు ముందుగా సైకిలును ఒంటిచేత్తో లేపి బరువు చూస్తారు. పందెం సైకిలుకు ఆ పరీక్ష చెల్లుతుంది, యాత్రా సైకిలుకు చెల్లదు. 70 కిలోల మనిషి, 20 కిలోల సామాను, 15 కిలోల సైకిలు కలిస్తే 105 కిలోలు. ఎంతో డబ్బు పోసి 10 కిలోల సైకిలు తెచ్చుకున్నా మొత్తంలో తగ్గేది 5 శాతం లోపే. ఆ తగ్గింపు కోసం రిమ్ములు సన్నబడతాయి, స్పోకులు తగ్గుతాయి. బరువు ఆనే చోటే బలం పోతుంది. కాబట్టి అడగవలసిన ప్రశ్నలు రెండే. నిండు సామానుతో ఇది ఘాట్ రోడ్డు ఎక్కగలదా? దారిలో చెడితే అక్కడ దొరికే సరుకుతో బాగవుతుందా?

మొదటిదానికి జవాబు గేర్ల సంఖ్యలో దొరకదు. అన్నిటికన్నా తేలిక గేరులో పెడలు ఒక చుట్టు తిరిగితే సైకిలు ఎంత దూరం కదులుతుందో చూడాలి. ముందు 26 పళ్లు, వెనక 34 పళ్లు ఉంటే సుమారు 1.65 మీటర్లు. పందెం సైకిళ్లలో కనిపించే 34, 28 పళ్ల జతతో రెండున్నర మీటర్లు. ముందు 44, వెనక 18 పళ్లుండే గేర్లు లేని సైకిలైతే ఐదు మీటర్లు దాటుతుంది. ప్రతి 100 మీటర్లకు 8 మీటర్లు పైకి లేచే రోడ్డు మీద, ఇంత బరువుతో, మామూలు మనిషి వేగం గంటకు 5 కిలోమీటర్ల దగ్గర ఉంటుంది. అప్పుడు మొదటి సైకిలు పెడళ్లు నిమిషానికి 50 చుట్లు, రెండోది 33, మూడోది 16 చుట్లే తిరుగుతాయి. 16 చుట్లంటే దిగి నడిపించక తప్పదు. అరకు ఘాట్ ఒక పూటతో అయిపోతుంది గానీ, 5,000 మీటర్లు దాటిన కనుమలున్న మనాలి–లేహ్ దారిలో ఈ తేడా రోజుల్లోకి పెరుగుతుంది.

గేర్లు లేకుండానే ఖండాలు దాటారు కదా అనవచ్చు. నిజమే. థామస్ స్టీవెన్స్ 1884–86 మధ్య ముందు చక్రం ఎత్తుగా ఉండే పాతకాలపు సైకిలు మీద ప్రపంచయాత్ర చేశాడు. 1963లో ఐర్లండు నుంచి ఇండియాకు వచ్చిన డెర్వ్లా మర్ఫీ, ఆసియా రోడ్లకు నిలవవని తన సైకిలు గేర్లు ముందే తీయించేసింది. కానీ ఇది గేర్లు అక్కర్లేదనడానికి సాక్ష్యం కాదు. బాగుచేయించుకోలేని వస్తువును వెంట తీసుకెళ్లకూడదని ఆమె తేల్చుకుంది, అంతే. ఈనాడు ఆ త్యాగం అవసరం లేదు. వెనక ఎనిమిది పళ్లచక్రాలుండే గేర్లకు సరిపోయే చైను చౌక గేర్ల సైకిళ్లకూ వాడేదే. పన్నెండు చక్రాల కొత్తరకాలకు పట్నం దాటితే చైను దొరకడం కష్టం.

రెండో ప్రశ్న ముఖ్యంగా చక్రాలది. సామాను భారం వెనక చక్రం మీదే ఎక్కువ. 36 స్పోకులున్న చక్రంలో ఒకటి తెగినా ఊరు చేరవచ్చు. 20 ఉన్నదానిలో ఒకటి తెగితే రిమ్ము వంకరపోతుంది. టైరు కొలతలోనే అసలు మోసం ఉంది. విదేశీ టైరు మీద 28 అంగుళాలని ఉంటే దాని రిమ్ము కొలత 622 మిల్లీమీటర్లు. మన పల్లె షాపుల్లో వేలాడే 28 అంగుళాల టైరుది 635. పేరు ఒకటే అయినా ఒకటి రెండోదానికి ఎక్కదు. 26 అంగుళాల్లోనూ అంతే: మౌంటెన్ బైకుది 559, పాతరకం సైకిలుది 590. అందుకే అంగుళాలను నమ్మకుండా టైరు పక్కన అచ్చయిన మూడంకెల కొలత చదవాలి. 29 అంగుళాల మౌంటెన్ బైకులకూ 622 రిమ్మే కావడంతో, ఇప్పుడు ఆ కొలత ఎంచుకోవడం మేలు. మడతపెట్టే టైరు ఒకటి సామానులో ఉండాలి.

ఇక ఫ్రేము. ఉక్కుదైతే ఏ ఊళ్లోనైనా వెల్డింగు చేయించుకోవచ్చన్న వాదనను పూర్తిగా ఒప్పుకోలేం. మంచి ఉక్కు గొట్టాల గోడ నడుమ భాగంలో మిల్లీమీటరుకన్నా పలచన. గేట్లు అతికే వేడికి చిల్లు పడవచ్చు. అసలు దారిలో తరచుగా విరిగేవి స్పోకులు, క్యారియర్ బోల్టులు, తెగేవి కేబుళ్లు. క్యారియర్ బిగించే రంధ్రాలున్న అల్యూమినియం ఫ్రేము, అవి లేని ఉక్కు ఫ్రేముకన్నా నయం. పెడళ్ల ఇరుసు నుంచి వెనక ఇరుసుకు పందెం సైకిలులో 410 మిల్లీమీటర్ల దూరం ఉంటే, యాత్రా సైకిలులో 450 నుంచి 460 ఉంటుంది. అది తక్కువైతే తొక్కేటప్పుడు మడమ సంచికి తగులుతుంది. కొనేముందు నిండు సంచులు తగిలించి తొక్కి చూస్తే ఇది అక్కడే తెలిసిపోతుంది.