పూడిక మట్టి కట్టిన అందం
హాంగ్‌జౌ పడమటి సరస్సు పుట్టుపూర్వోత్తరాలు

2023 ఆసియా క్రీడల్లో విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ విలువిద్యలో మూడు స్వర్ణాలు గెలిచినప్పుడు హాంగ్‌జౌ పేరు తెలుగు ఇళ్లలో మారుమోగింది. చైనా తూర్పు తీరంలోని జెజియాంగ్ రాష్ట్రానికి అది రాజధాని. షాంఘైలో వేగంగా వెళ్లే రైలెక్కితే సుమారు గంటలో అక్కడ దిగొచ్చు. ఆ ఊరికి వెళ్లేవాళ్లందరూ చూడాలనుకునేది షీహూ. షీ అంటే పడమర, హూ అంటే సరస్సు. పాత నగరానికి పడమటి దిక్కున ఉండడంతో ఆ పేరొచ్చింది. ప్రయాణానికి ఎన్ని రోజులు పెట్టుకోవాలో లెక్క వేసుకునే ముందు ఆ సరస్సు ఎలా పుట్టిందో తెలుసుకోవడం మంచిది. అది తెలిస్తే ఏది ముందు చూడాలో, ఎక్కడ కాసేపు ఆగాలో తేలిగ్గా అర్థమవుతుంది.

సముద్రం వదిలి వెళ్లిన నీరు

రెండు వేల ఏళ్ల కిందట అక్కడ కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన చిన్న అఖాతం ఉండేది. చియాన్‌టాంగ్ నదీ సముద్రపు పోటూ మోసుకొచ్చిన ఒండ్రు మేట వేసి దాని నోరు మూసేసింది. లోపల చిక్కిన ఉప్పునీటిలో కొండవాగులు కలిసి, అవి మెల్లగా మంచినీళ్లయ్యాయి. ఇలా పుట్టిన సరస్సులకు ఆయుష్షు తక్కువ. వాగులు తెచ్చే మట్టి అడుగున చేరుతుంది, నాచూ తుంగా పెరుగుతాయి, సరస్సు బురదనేలై చివరికి పొలమవుతుంది. షీహూ కూడా ఈపాటికి పొలం కావలసిందే. పన్నెండు వందల ఏళ్లుగా మనుషులు పూడిక తీస్తూ రావడం వల్లే అది మిగిలింది. పుట్టుక సరస్సుది, పెంపకం చెరువుది.

ఒకప్పుడు సముద్రం ఉన్న నేల కాబట్టి ఊళ్లో ఎక్కడ తవ్వినా ఉప్పునీళ్లే పడేవి. 8వ శతాబ్దం చివర్లో లీ బీ అనే పాలనాధికారి సరస్సు నీటిని భూమి లోపలి నుంచి ఊళ్లోకి తెచ్చి ఆరు బావులు నింపించాడు. 822లో పాలనాధికారిగా వచ్చిన కవి బై జుయీ కట్టను ఎత్తు చేయించి, పొలాలకు నీరు నిలవ చేయించాడు. నీరు ఎప్పుడు వదలాలో, ఎంత వదిలితే ఎంత పొలం తడుస్తుందో రాయి మీద రాయించి, తన తర్వాత వచ్చేవాళ్ల కోసం వదిలి వెళ్లాడు. ఆయన కట్ట ఇప్పుడు లేదు. నేడు బై గట్టు అని పిలుస్తున్నది ఆయన రాకముందు నుంచీ ఉంది. జనమే ప్రేమ కొద్దీ దానికి ఆయన పేరు పెట్టుకున్నారు.

తీసిన మట్టి ఎక్కడ పొయ్యాలి?

10వ శతాబ్దంలో ఆ ప్రాంతాన్నేలిన వూయుయే రాజులు సరస్సులో నాచు తీయడానికే వెయ్యిమంది సైనికుల్ని నియమించారు. ఆ రాజ్యం పోయాక ఆ పనీ ఆగింది. సు దోంగ్‌పో అనే కవి 1071లో చిన్న అధికారిగా హాంగ్‌జౌకి వచ్చేసరికి సరస్సు కొంత పూడిపోయి ఉంది. 1089లో ఆ ఊరి పాలనాధికారిగా తిరిగొచ్చేసరికి సగం పూడిపోయింది. ఇంకో ఇరవై ఏళ్లు ఇలాగే వదిలేస్తే సరస్సే ఉండదని ఆయన చక్రవర్తికి విన్నవించుకున్నాడు. సరస్సు లేకపోతే తాగునీరు, సాగునీరు, కాలువలో పడవల రాకపోకలు, సారా తయారీ మీద వచ్చే పన్ను అన్నీ పోతాయని వివరంగా రాశాడు. దర్బారు నగదుకు బదులు సన్యాస దీక్షా పత్రాలు ఇచ్చింది. వాటిని అమ్మి ఆయన కూలి డబ్బు సమకూర్చాడు. రెండు లక్షల పైచిలుకు కూలి దినాల పని అది.

గుట్టలుగా తేలిన మట్టిని ఎక్కడ పొయ్యాలన్నది తర్వాతి చిక్కు. ఒడ్డుకు మోయడం భారం. పైగా దక్షిణపు ఒడ్డు నుంచి ఉత్తరపు ఒడ్డుకు వెళ్లాలంటే జనం సరస్సంతా చుట్టి రావలసి వచ్చేది. సు ఆ మట్టిని సరస్సు నడుమనే పోయించి, 2.8 కిలోమీటర్ల పొడవున గట్టు కట్టించాడు. నీరు ఆడేందుకు ఆరు వంతెనలు, నేల బిగిసేందుకు చెట్లు పెట్టించాడు. అదే సు గట్టు. మళ్లీ నాచు కమ్మకుండా ఒడ్డు వైపు నీటిని సింగాడా కాయలు పండించే రైతులకు కౌలుకిచ్చాడు. ఏటా విత్తే ముందు వాళ్లే అడుగంటా శుభ్రం చేసుకుంటారు. ఆ సాగు లోపలికి పాకిపోకుండా నీళ్లలో మూడు చిన్న రాతి గోపురాలు హద్దుగా నిలిపించాడు.

1138లో దక్షిణ సోంగ్ చక్రవర్తులు హాంగ్‌జౌని రాజధాని చేసుకున్నారు. చిత్రకారులు సరస్సు అందాలను పది దృశ్యాలుగా పేర్లు పెట్టి గీశారు. వాటిలో మొదటిది సు గట్టు మీద వసంతపు వేకువ. తర్వాత మంగోలుల పాలనలో పట్టించుకునేవాళ్లు లేక, సరస్సు పొలాలుగా ఆక్రమణ పాలైంది. 1508లో యాంగ్ మెంగ్‌యింగ్ అనే అధికారి ఆసాముల వ్యతిరేకతను లెక్కచేయకుండా ఆ పొలాలు తవ్వించి నీటిని తిరిగి నింపాడు. 1607లో తీసిన మట్టితో షావ్‌యింగ్ ద్వీపం, 1800లో తీసిన మట్టితో రువాన్ దిబ్బ వెలిశాయి. 1950లలో మళ్లీ పెద్దఎత్తున పూడిక తీసేనాటికి సగటు లోతు అర మీటరుకు పడిపోయింది. ఇప్పుడది రెండు మీటర్లకు పైనే. 2011లో యునెస్కో ఈ ప్రాంతాన్ని ప్రపంచ వారసత్వంగా గుర్తించింది.

మీరు వెళ్లేటప్పుడు

వీసా ముందే తీసుకోవాలి. అక్కడ చిన్న కొట్లో కూడా డబ్బు ఫోన్‌తోనే చెల్లిస్తారు కాబట్టి అలీపే వంటి యాప్‌కి మన కార్డు ముందే జత చేసుకోండి. మార్చి చివర నుంచి ఏప్రిల్ దాకా గట్ల మీద పీచ్ పూలు పూస్తాయి. జూన్‌లో ముసురు పడుతుంది, జూలైలో తామరలు విచ్చుకుంటాయి. అక్టోబరు మొదటి వారం చైనా జాతీయ సెలవులు, అప్పుడు ఇసుక వేస్తే రాలనంత జనం ఉంటారు కాబట్టి ఆ వారం వద్దు. 2002 నుంచి సరస్సు చుట్టూ తిరగడానికి టికెట్ లేదు. పడవలకీ కొన్ని కట్టడాలకీ మాత్రం ఉంది.

రెండు నిండు రోజులు పెట్టుకోండి. మొదటి రోజు తెల్లవారకముందే తెగిన వంతెన అని పిలిచే వంతెన దగ్గర మొదలుపెట్టి, బై గట్టు మీదుగా సు గట్టు చేరి, దాన్ని ఉత్తరం నుంచి దక్షిణానికి నడవండి. చివర్లో లీఫెంగ్ గోపురం వస్తుంది. 10వ శతాబ్దపు అసలు గోపురం 1924 సెప్టెంబరు 25న కూలిపోయింది. శుభం జరుగుతుందన్న నమ్మకంతో జనం తరతరాలుగా దాని ఇటుకలు పీక్కుపోవడం అందుకొక కారణం. ఇప్పుడున్నది 2002లో కట్టింది. రెండో రోజు షావ్‌యింగ్ ద్వీపానికి పడవలో వెళ్లొచ్చి, మధ్యాహ్నం లింగ్‌యిన్ ఆలయం చూడండి. 4వ శతాబ్దంలో భారతదేశం నుంచి వచ్చిన భిక్షువు దాన్ని స్థాపించాడని చెబుతారు. ఎదురుగా ఉన్న కొండను చూసి ఆయన, ఇది మా మగధలోని గృధ్రకూటం, ఇక్కడికెలా ఎగిరొచ్చిందని ఆశ్చర్యపోయాడట. ఆ కొండను నేటికీ ఎగిరొచ్చిన కొండ అనే పిలుస్తారు.

ద్వీపం ఒడ్డున నిలబడితే నీళ్లలో ఆ మూడు రాతి గోపురాలు కనిపిస్తాయి. సు నిలిపినవి పోతే మింగ్ రాజుల కాలంలో మళ్లీ పెట్టినవి ఇవి. శరత్ పున్నమి రాత్రి వాటి రంధ్రాల్లో దీపాలు పెడితే నీటి మీద ఎన్నో చందమామలు తేలతాయి. చైనా ఒక యువాన్ నోటు తిప్పి చూడండి, వెనక వైపు ఉన్నది ఆ దృశ్యమే. ఎవరి సాగు ఎంతవరకో చెప్పడానికి చెరువులో పాతిన హద్దురాళ్లు ఇవాళ ఒక దేశం తన నోటు మీద అచ్చు వేసుకునే గుర్తయ్యాయి.