సంపీడిత వాయువుల సిలిండర్లు – పారిశ్రామిక వినియోగం, భద్రతా నిబంధనలు

వీధి చివరి వెల్డింగ్ దుకాణం మొదలుకొని భారీ ఉక్కు కర్మాగారం వరకు, తాగునీటి శుద్ధి కేంద్రం మొదలుకొని ఔషధ పరిశ్రమ వరకు సంపీడిత వాయువుల సిలిండరు లేనిదే పని సాగని రంగం నేడు అరుదు. పరిశ్రమలకు ఇంతగా ఉపకరిస్తున్న ఈ సిలిండరు, నియమాలను విస్మరించినచో అంతే తీవ్రమైన ప్రమాదానికి కారణమవుతుంది. వీటి తయారీ, నింపుదల, నిల్వ, రవాణాలను 1884 నాటి పేలుడు పదార్థాల చట్టం కింద రూపొందించిన గ్యాస్ సిలిండర్ల నిబంధనలు–2016 నియంత్రిస్తున్నాయి. నాగపూర్ ప్రధాన కేంద్రంగా గల పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రతా సంస్థ వీటిని అమలు చేస్తోంది.

మూడు విధాల నిల్వ

అన్ని వాయువులనూ ఒకే రీతిగా నింపరు. ఆక్సిజన్, నత్రజని, ఆర్గాన్, హైడ్రోజన్ వంటివి వాయురూపంలోనే అధిక ఒత్తిడితో నిల్వ ఉంటాయి. సాధారణంగా కనిపించే పెద్ద ఆక్సిజన్ సిలిండరులో నీరు పోసినచో పట్టేది సుమారు 47 లీటర్లు మాత్రమే. అందులోనే దాదాపు 7 ఘనపు మీటర్ల వాయువును నింపుతారు. అప్పుడు లోపలి ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు సుమారు 150 కిలోగ్రాములు ఉంటుంది. లారీ టైరులోని గాలి ఒత్తిడికి ఇది ఇంచుమించు 20 రెట్లు.

క్లోరిన్, అమ్మోనియా, కార్బన్ డయాక్సైడ్, వంటగ్యాస్ ఒత్తిడికి ద్రవరూపం దాల్చి నిల్వ ఉంటాయి. ఎసిటిలీన్ తీరు వేరు. అధిక ఒత్తిడికి గురైనచో గాలి తగలకుండానే విచ్ఛిన్నమై పేలగల స్వభావం దానిది. అందుచేత సిలిండరు నిండా సూక్ష్మరంధ్రాలు గల పదార్థాన్ని కూర్చి, దానికి ఎసిటోన్ ద్రవాన్ని పట్టించి, ఆ ద్రవంలో ఎసిటిలీన్‌ను కరిగించి ఉంచుతారు. ఈ సిలిండరును ఎల్లప్పుడూ నిలువుగానే వాడవలెననుటకు కారణం ఇదే.

పరిశ్రమలలో ఉపయోగాలు

ఆక్సిజన్, ఎసిటిలీన్ కలిసి మండినపుడు వెలువడే జ్వాల ఉష్ణోగ్రత సుమారు 3,100 డిగ్రీల సెల్సియస్. ఉక్కు పలకలను కోయుటకు, అతుకుటకు ఇది ఉపకరిస్తుంది. స్టెయిన్‌లెస్ స్టీలు, అల్యూమినియం వెల్డింగులో లోహానికి గాలి సోకకుండా ఆర్గాన్ కాపాడుతుంది. ఔషధ కర్మాగారాలలో మండే ద్రావకాల ట్యాంకుల పైభాగాన్ని నత్రజనితో నింపి అగ్నిప్రమాదాన్ని నివారిస్తారు. చిరుతిళ్ల పొట్లాలలోనూ ఈ వాయువునే నింపుతారు. వనస్పతి తయారీలో హైడ్రోజన్, శీతల పానీయాలలోను అగ్నిమాపక పరికరాలలోను కార్బన్ డయాక్సైడ్, తాగునీటి శుద్ధిలో క్లోరిన్ వినియోగమవుతున్నాయి.

పరిశ్రమ నుండి ఆసుపత్రికి

పారిశ్రామిక వాయువులకు, ప్రజల ప్రాణాలకు గల సంబంధం 2021 కోవిడ్ రెండవ విడత సమయంలో దేశమంతటికీ తెలిసివచ్చింది. ద్రవ ఆక్సిజన్‌ను వైద్యేతర అవసరాలకు వాడరాదని కేంద్ర ప్రభుత్వం ఆ సంవత్సరం ఏప్రిల్‌లో ఆదేశించింది. దేశంలో తొలి ఆక్సిజన్ ఎక్స్‌ప్రెస్ రైలు 2021 ఏప్రిల్ 22న విశాఖ ఉక్కు కర్మాగారంలో ట్యాంకర్లను నింపుకొని మహారాష్ట్రకు బయలుదేరింది. సిలిండర్ల కొరతను అధిగమించుటకు నత్రజని, ఆర్గాన్ సిలిండర్లను వైద్య ఆక్సిజన్‌కు మార్చుకొనుటకు సైతం అనుమతులు లభించాయి. అయితే రంగు మార్చినంత మాత్రాన సిలిండరు మారినట్లు కాదు. పాత వాయువును పూర్తిగా తొలగించి, లోపల శుభ్రపరచి, తగిన వాల్వు అమర్చిన పిదపనే దానిని వైద్యానికి వినియోగించవలెను.

రంగే గుర్తు

భారతీయ ప్రమాణాల ప్రకారం పారిశ్రామిక ఆక్సిజన్ సిలిండరు నలుపు రంగులో ఉంటుంది. వైద్య ఆక్సిజన్ సిలిండరుకు నల్లని ఒంటిపై తెల్లని భుజభాగం ఉంటుంది. నత్రజనికి బూడిద రంగు ఒళ్లు, నల్లని మెడ. ఎసిటిలీన్‌కు మెరూన్, హైడ్రోజన్‌కు ఎరుపు, ఆర్గాన్‌కు నీలం, క్లోరిన్‌కు పసుపు. మండే వాయువుల సిలిండర్ల వాల్వులకు ఎడమ మరలు ఉంటాయి. ఒక వాయువు గొట్టాన్ని పొరపాటున మరొకదానికి బిగించకుండా చేసిన ఏర్పాటు ఇది.

తప్పక పాటించవలసినవి

• సిలిండరుపై చెక్కిన పరీక్ష తేదీని గమనించవలెను. సాధారణ పారిశ్రామిక సిలిండర్లకు 5 సంవత్సరాలకు ఒకసారి, వాహనాల సి.ఎన్.జి. సిలిండర్లకు 3 సంవత్సరాలకు ఒకసారి పరీక్ష జరగవలెను.
• ఆక్సిజన్ వాల్వుకు నూనె, గ్రీజు తగలరాదు. అధిక ఒత్తిడిలోని ఆక్సిజన్ సోకినచో అవి నిప్పు లేకుండానే అంటుకొనగలవు.
• నిండు సిలిండర్లను సైకిలుపై గాని, ద్విచక్ర మోటారు వాహనంపై గాని తరలించరాదు.
• సిలిండరును గొలుసుతో కట్టి నిలబెట్టవలెను. పడి వాల్వు విరిగినచో, 50 కిలోలకు పైగా బరువు గల ఆ ఉక్కు సిలిండరు రాకెట్టు వలె దూసుకుపోగలదు.
• మండే వాయువులను, విష వాయువులను ఇతర వాయువుల నుండి తగినంత దూరంలో గాని, అడ్డుగోడకు ఆవల గాని నిల్వ చేయవలెను.

జాతరలలో ప్రత్యేక నిఘా

జాతరలు, తిరునాళ్లలో బెలూన్లు నింపుటకు కొందరు పాత సిలిండరులో కాస్టిక్ సోడా, అల్యూమినియం పొడి కలిపి హైడ్రోజన్ తయారు చేస్తుంటారు. ఈ చర్యలో వేడి, ఒత్తిడి అదుపు లేకుండా పెరుగుతాయి. పరీక్ష లేని, తుప్పు పట్టిన సిలిండరు దానిని తట్టుకొనలేదు. దాని చుట్టూ నిలిచేది అధికంగా చిన్నపిల్లలే కావడం గమనార్హం. లైసెన్సు లేకుండా సిలిండరులో వాయువు నింపడం చట్టవిరుద్ధం. మండని హీలియంను వాడడమే శ్రేయస్కరం. ఉత్సవాల నిర్వహణకు అనుమతి ఇచ్చే అధికారులు ఈ అంశాన్ని ముందుగానే పరిశీలించడం అవసరం.

ప్రమాదం సంభవించినచో

ప్రమాదం జరిగిన వెంటనే పేలుడు పదార్థాల చీఫ్ కంట్రోలరుకు, సమీప పోలీసు స్టేషనుకు సమాచారం అందించవలెను. విచారణ జరిపే అధికారం జిల్లా మేజిస్ట్రేటుకు ఉన్నది. ప్రాణరక్షణ చర్యలు మినహా, సంఘటన స్థలంలోని సిలిండరు శకలాలను కదల్చకుండా ఉంచినచో కారణం తేలుతుంది. పత్రికా ప్రతినిధులు సైతం “గ్యాస్ సిలిండరు పేలుడు” అని మాత్రమే వ్రాయక, ఏ వాయువు, చివరి పరీక్ష ఎప్పుడు, లైసెన్సు ఉన్నదా అను మూడు అంశాలను తెలుసుకొని ప్రచురించినచో, పేలినది వంటగ్యాసో, మరొకటో ప్రజలకు స్పష్టమవుతుంది. అదే తప్పిదం మరొకచోట జరగకుండా నివారించుటకు వీలవుతుంది.