ఏడు నుంచి ఒకటికి

మా మిట్టేమరి వైపు పిల్లలకి ఇంట్లో తెలుగు, బళ్లో కన్నడం. అందుకే ఒకటో తరగతికి ఏ మేష్ట్రు వస్తారనేది మా పెద్దలకి పెద్ద సంగతే. తెలుగు తెలిసినవారైతే ముందు మన మాటలో చెప్పి, తర్వాత కన్నడంలో పలికించేవారు. కాకపోతే మొదటి ఏడాదంతా పిల్లలు నోరు మెదపరు.

అయినా ఏడు చెప్పే మేష్ట్రుని ఒకటికి మారిస్తే ఊరు దాన్ని దిగజారుడుగానే చూసేది. ఏడులో పబ్లిక్ పరీక్ష ఉండేది కదా, మర్యాదంతా అక్కడే.

ఆ చూపు కాస్త మారింది నలి-కలి వచ్చాకే. దాని మూలం మనకి దగ్గర్లోనే, మదనపల్లె పక్క రిషి వ్యాలీలో ఉంది. చుట్టుపక్కల పల్లె బళ్ల కోసం అక్కడ తెలుగులో కార్డులు చేశారు. అన్ని తరగతులూ ఒకే గదిలో, ఎవరి మెట్టు వారు ఎక్కడమే. 1995లో మైసూరు జిల్లా హెగ్గడదేవనకోట మేష్ట్రులు అది చూసొచ్చి కన్నడంలో తమ కార్డులు తామే రాసుకున్నారు. 2009-10లో రాష్ట్రమంతా ఒకటి, రెండు తరగతులకి వచ్చింది. పక్కూరి తెలుగు పద్ధతి మైసూరు చుట్టి, కన్నడం నేర్చుకుని మన ఇంటికి వచ్చిందన్నమాట!

2017 నియమాలు ఆరు నుంచి ఎనిమిదికి డిగ్రీ మేష్ట్రుల్ని వేరు చేశాయి. ఒకటి నుంచి ఏడుకని చేరినవాళ్లు ఐదు దాకానే లెక్కకొచ్చారు. ఆ గొడవ ఏళ్లపాటు చల్లారలేదు.

మా ఇంట్లో బడి చెప్పిన పెద్దమ్మ అంతకుముందే నలి-కలికి మారింది. మొదట ఏడ్చింది. రెండేళ్లకి మళ్లీ ఏడు ఇస్తామంటే వద్దంది. "కార్డులు మంచివే, కానీ ఈ పిల్లల నోరు విప్పింది నా తెలుగే" అనేది.